ఒకటిన్నర అడుగు

ఆఫీసు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 3

మూడోదానా,

ఫోను చెయ్యకుండా ఉత్తరమేంటని బుగ్గలు నొక్కుకోకు. ఫోనులో నేను సూపరింటెండెంటులా మాట్లాడతానని పోయినసారి విసుక్కుని పెట్టేసింది నువ్వే. కాగితం మీదైతే మనిషిలా ఉంటానట. సరే, ఉంటున్నాను.

నా గది నువ్వు చూడలేదు కదూ. చూడకపోవడమే మంచిది. కిటికీ లేదు. పొద్దున పదింటికి వేసిన ట్యూబులైటు సాయంత్రం ఆరింటికి ఆర్పేదాకా బయట ఎండో వానో తెలియదు. మూడు బీరువాలు, ఒక బల్ల, నా ఆకారంలో గుంట పడిన కుర్చీ. వంద మీటర్లు పన్నెండు సెకన్ల చిల్లరలో పరిగెత్తిన కాళ్లు ఇప్పుడు రెండంతస్తులు ఎక్కలేక మధ్యలో ఆగి, నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటిస్తున్నాయి. ఆ బోర్డు మీదున్న నోటీసు మూడేళ్ల కిందటిది. నాకు కంఠతా వచ్చేసింది.

అసలు విషయానికొస్తాను. నిన్న ఒక ఫైలు వచ్చింది. అట్ట మీద మన గ్రౌండు పేరు ఉంది. గ్యాలరీ శిథిలమైపోయింది, జనం మీద పడేలా ఉంది, తనిఖీ చేసి నోటు రాయండి అని. రాయాల్సింది నేనే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఫైలు మీద మొదటి నోటు ఎవరు రాస్తే ఆ ఫైలు వాళ్లది. పైవాళ్లందరూ దాని కింద సంతకాలు పెడతారంతే. కాదనాలంటే ఎందుకు కాదో తమ చేత్తో రాయాలి. అలా రాసిన మహానుభావుణ్ణి ఈ ఇరవై ఆరేళ్లలో నేను చూడలేదు. నచ్చకపోతే రాసినవాళ్ల చేతే మార్పిస్తారు.

గురువారం వస్తున్నాను. అందరి ముందూ "ఒసేయ్ నాలుగోదానా" అని అరవకు తల్లీ. రిలేలో పరిగెత్తిన నంబర్లతో మనం ఇప్పటికీ పిలుచుకుంటామని మా వాళ్లకి తెలియనక్కర్లేదు. ఆ ఒక్కరోజూ మేడమ్ అను. పళ్లు రాలిపోవులే.

నీ నాలుగు


గ్రౌండు, సామాన్ల గది
ఫిబ్రవరి 12

మేడమ్ గారికి,

అన్నాను కదా, చాలా? అబ్బో, ఏం ఫోజు! నల్లకళ్లజోడు, చేతిలో సుత్తి, వెనకాల టేపు పట్టుకుని ఇద్దరు. స్తంభం స్తంభానికీ చెవి ఆనించి కొట్టి వింటుంటే, మా పిల్లలు "డాక్టరమ్మా మేడమ్?" అని అడిగారు. కాదే, ఈ గ్రౌండులో ఆఖరి వంద మీటర్లు ఆవిడంత వేగంగా ఎవరూ పరిగెత్తలేదని చెప్పాను. నీ నడుము చూసి ఒక్కర్తీ నమ్మలేదు. ఏం చెయ్యను?

నువ్వు ఒక్కసారి కూడా ట్రాక్ వైపు చూడలేదు. అది మాత్రం నాకు కష్టంగా అనిపించింది. చెప్పేస్తున్నాను, కడుపులో పెట్టుకోవడం నావల్ల కాదు.

ఆ టైములో పిల్లలు బ్యాటన్ కర్ర చేతులు మార్చుకోవడం నేర్చుకుంటున్నారు. మన మాస్టారు మనకి చెప్పిందే నేనూ వాళ్ల చెవుల్లో పోరుతున్నాను. పరుగు మొదలెట్టాక వెనక్కి చూడకు. నీ గుర్తు దగ్గర్నుంచి ఇరవై రెండు పాదాలు వెనక్కి కొలిచి సున్నం గీత గీసుకో, వచ్చే మనిషి ఆ గీత దాటాకే కదులు. "పట్టు!" అని కేక వినపడ్డాకే చెయ్యి చాపు. అవతలి అడ్డగీత దాటేలోపు బ్యాటన్ చేతులు మారాలి, లేకపోతే జట్టంతా అవుటు. అందరూ తొందరపడి ముందే ఉరుకుతారు. నీలాగే.

నాలుగూ, తమాషాలు పక్కన పెడితే నాకు భయంగా ఉంది. గ్యాలరీ వంకతో ఈ గ్రౌండు పోతే అరవైమంది ఆడపిల్లలకి పరిగెత్తడానికి ఇంకో చోటు లేదు. రోడ్డు మీద పరిగెత్తనిచ్చే ఇళ్లు కావు వాళ్లవి. చివర రెండు జతల స్తంభాలు బాగాలేవని నాకూ తెలుసు. అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వను. మిగతాది రాయిలా ఉంది. నీకు చెప్పేంతదాన్ని కాదు, కానీ చూసి రాయవే.

నీ మూడు


ఆఫీసు
మార్చి 2

మూడోదానా,

ట్రాక్ వైపు ఎందుకు చూడలేదని అడిగావు. చూస్తే సుత్తి పక్కన పడేసేదాన్నేమోనని. ఇక ఆ మాట వదిలెయ్.

గ్యాలరీకి తొమ్మిది జతల స్తంభాలు. ఏడు జతలు కొడితే ఖంగుమన్నాయి. ఎనిమిది, తొమ్మిది డొల్ల. పెచ్చులూడి లోపలి ఇనుము బయటికొచ్చింది, గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలింది. ఆ రెండు జతల మీద ఉన్న భాగం పడగొట్టాలి, మిగతాది వాడుకోవచ్చు, ట్రాక్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇదే రాశాను. ఉన్నది ఉన్నట్టు. నీకోసం ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు.

మూడు రోజులకి ఫైలు వెనక్కొచ్చింది. అంచున పెద్దసారు ఎర్రసిరాతో ఒకే ముక్క రాశారు. "మాట్లాడండి."

వెళ్లాను. కూర్చోబెట్టారు, టీ తెప్పించారు. "నోటు బ్రహ్మాండంగా ఉందమ్మా. 'రెండు జతలు' అన్నచోట 'మొత్తం' అని పెడితే సరిపోతుంది" అన్నారు. అక్కడ నాలుగంతస్తుల కొత్త ఆఫీసు కట్టి మమ్మల్నందర్నీ మీ ఊరికే మారుస్తారట. ప్లాను కూడా గీయించేశారు. దాని మీద వేలు పెట్టి నా గది చూపించారు. "చూశారా, మీకు రెండు కిటికీలు" అన్నారు.

ఒసేయ్, ఆ కిటికీలు ఎటు తెరుచుకుంటాయో లెక్కేశాను. సరిగ్గా మనం బ్యాటన్ మార్చుకున్న చోటికి.

మార్చలేనన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఫైలు మళ్లీ వచ్చింది. మాట్లాడండి. మళ్లీ వెళ్లాను, మళ్లీ టీ. మళ్లీ వచ్చింది. మొన్నటికి ఆరుసార్లు. పొద్దున్నే బల్ల మీద అదే ఫైలు, అదే ఎర్రముక్క. గది తలుపు నెట్టాలంటే చెయ్యి రావడం లేదు. ఇంట్లో చెప్తే మా ఆయన "ఒక్క మాటే కదా, మార్చిపారెయ్, నిద్రైనా పోతావు" అన్నాడు. ఒక్క మాటే. నిజమే. అదే నా కలంలోంచి రావడం లేదు.

నిన్న ఏడోసారి పిలిచారు. ఈసారి టీ లేదు. బల్ల మీద నా సర్వీసు పుస్తకం ఉంది. "మీరు స్పోర్ట్స్ కోటాలో వచ్చారు కదమ్మా? రిలే బంగారు పతకం మీద? పాత నియామకాలన్నీ ఒకసారి సరిచూడమని పైనుంచి వచ్చింది. మీతో పరిగెత్తినవాళ్ల దగ్గర వాంగ్మూలం తెప్పిస్తాం. మామూలు తంతే" అన్నారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ 'మొత్తం' సంగతి తేలిపోతే ఈ తంతు అక్కర్లేకపోవచ్చు" అన్నారు.

ఒకటోది పోయి ఆరేళ్లయింది. రెండోది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కాబట్టి కాగితం నీకే వస్తుంది. ఒక్క పేజీ. ఉన్నది రాసి పంపు.

నాలుగు


గ్రౌండు
మార్చి 11

నాలుగూ,

నీ ఉత్తరం చివర "నీ" ఎగిరిపోయింది. కాగితం మీద కూడా సూపరింటెండెంటువి అయిపోతున్నావు.

కాగితం వచ్చింది. మూడు ప్రశ్నలు. ఒకటి, ఆమెతో కలిసి పరిగెత్తారా? రెండు, ఏ స్థానంలో? మూడు, పోటీ నియమాల ప్రకారమే జరిగిందని ప్రమాణం చేసి చెప్పగలరా? కింద, అబద్ధమని తేలితే శిక్షార్హులని రాసి ఉంది. గడువు ఇరవై ఎనిమిది.

ఇక్కడ సంగతులు చెప్తాను. ఎండలు ముదిరాయి, పిల్లల్ని ఆరింటికే రమ్మంటున్నాను. ఒక పిల్ల ఉంది, బక్కపలుచగా, పొడుగు జడ. ఎంత చెప్పినా గీత కంటే ముందే ఉరికేస్తుంది. తిడితే, "వెనకది గీత దాటేదాకా ఆగితే గుండె ఆగిపోతున్నట్టుంటుంది మేడమ్" అంటుంది. ఏం చెప్పను దానికి?

ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఇరవై ఆరేళ్లలో నువ్వు నన్నెప్పుడూ అడగలేదే, ఆ ఉద్యోగానికి నువ్వెందుకు దరఖాస్తు పెట్టలేదే అని? రెండు ఖాళీలు ఉన్నాయి. నాకూ అదే పతకం ఉంది. ఇంట్లో పరిస్థితి నీకంటే నాకే అధ్వాన్నంగా ఉండేది. దరఖాస్తు నింపాను తెలుసా? ఫొటో కూడా అంటించాను. తర్వాత చింపేశాను. మళ్లీ రెండేళ్లు డ్రిల్లు టీచరు కోర్సు చదివి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ పతకం సర్టిఫికెట్టు ఇంతవరకూ ఎవరి ముందూ పెట్టలేదు.

ఎందుకో ఇప్పుడు చెప్పను. నువ్వు బాగా తిను. మొన్న చూస్తే కళ్లకింద నల్లగా ఉంది.

నీ మూడు


ఇల్లు, వంటగది బల్ల
మార్చి 24

మూడోదానా,

నీ ఉత్తరం పది రోజులు హ్యాండుబ్యాగులో పెట్టుకు తిరిగాను. ఫొటో అంటించి చింపేశావన్న ముక్క దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను. అంటే నీకు తెలుసు. అప్పుడే తెలుసు.

నాకూ తెలుసే.

ఆరోజు నేను నీకోసం ఆగలేదు. నువ్వింకా సున్నం గీత దాటలేదు, నేను ఉరికేశాను. పక్క లైను పిల్ల అప్పటికే కదిలేసరికి నా కాళ్లు నా మాట వినలేదు. నువ్వు అందుకోలేక ఎంత సాగి ఉంటావో! తెల్ల అడ్డగీత నా కాలికింద వెళ్లిపోవడం చూశాను. ఆ తర్వాతే నా అరచేతిలో బ్యాటన్ పడింది. పక్క లైనులో ఎవరో బోర్లా పడటంతో గీత దగ్గరి జడ్జి అటు తిరిగి ఉన్నాడు. తప్పేమీ లేదని తెల్లజెండా ఎత్తేశాడు. నేను పరిగెత్తాను. గెలిచాను. నువ్వు నా చెయ్యే చూస్తూ పరిగెత్తావు కదా, గీత చూసి ఉండవులే అనుకున్నాను. ఇరవై ఆరేళ్లు అదే అనుకుంటూ బతికాను. వెనక్కి చూడకూడదన్న నియమం నాకు భలే కలిసొచ్చింది.

ఆఫీసు గదికి కిటికీ లేదని, ఆ కుర్చీ వదలదని ఎన్నిసార్లు ఏడ్చానో నీ దగ్గర! ఎవరో తలుపు వేసేశారన్నట్టు. గడియ పెట్టుకున్నది నేనే. ఏ ఫైలు మీదా అబద్ధం రాయకపోతే ఆ ఒక్కటీ మాసిపోతుందనుకున్నాను. అందుకే ఇంత మొండిదాన్నయ్యాను. నా నిజాయితీ గురించి ఆఫీసులో కథలు చెప్పుకుంటారు తెలుసా? వింటుంటే చచ్చిపోవాలనిపించేది.

పెద్దసారు తెలిసి అడగలేదు, చీకట్లో రాయి వేశారంతే. కానీ తగిలింది. ఇప్పుడు నువ్వు నాకోసం అబద్ధం రాస్తావేమోనని భయం. రాస్తావు, నాకు తెలుసు నీ సంగతి. వద్దే. నీ నెత్తి మీద ఇంకోసారి నేను పరిగెత్తను.

అందుకని ఈరోజు పని ముగించేశాను. పొద్దున ఇన్‌వర్డులో, వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట, రెండు కాగితాలు ఇచ్చి నంబర్లు వేయించాను. మొదట గ్యాలరీ తుది నోటు, నాలుగు వందల పదహారు. "మాట్లాడవలసింది ఏమీ లేదు" అని కింద రాశాను. తర్వాత నా సంగతి, నాలుగు వందల పదిహేడు. పతకం నియమాల ప్రకారం వచ్చింది కాదు, గీత దాటాక బ్యాటన్ అందుకున్నాను, తెలిసే దాచాను. వరస చూసుకునే ఇచ్చాను. నాలుగు వందల పదహారు రాసే వేళకి నేను ఇంకా సూపరింటెండెంటునే. ఆ నోటు చెల్లుతుంది.

నంబరు పడిన కాగితాన్ని దేవుడు కూడా వెనక్కి తియ్యలేడు. నువ్వు కూడా ఉన్నదే రాసెయ్. వంకర అక్షరాలు చూసి నవ్వకు.

నీ నాలుగు


గ్రౌండు
మార్చి 24

నాలుగూ,

పంపేశాను! ఇప్పుడే పోస్టు చేసి వచ్చి కూర్చున్నాను. మూడో ప్రశ్నకి "అవును, నియమాల ప్రకారమే జరిగింది" అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. నువ్వింక నిశ్చింతగా ఉండు.

నీకు తెలియని విషయం ఒకటి ఇప్పుడు చెప్పేస్తాను, తిట్టుకోకు. ఆరోజు మన బ్యాటన్ గీత దాటాక మారింది. ఒకటిన్నర అడుగు. నాకు కళ్లకి కట్టినట్టుంది. నువ్వు ముందుకి చూస్తూ పరిగెత్తావు కాబట్టి నీకు తెలిసుండదు. అది తెలిసే నేను దరఖాస్తు చింపేశాను. నీకు చెప్తే నువ్వూ చింపేస్తావు, అప్పటికి మీ నాన్న మంచంలో ఉన్నాడు, నీ తర్వాత ఇద్దరు చెల్లెళ్లు. నోరు మూసుకున్నాను. పశ్చాత్తాపం లేదు నాకు, ఇప్పటికీ.

ప్రమాణం చేసి అబద్ధం రాయడం మాత్రం కష్టమైంది. రోజూ పిల్లలకి గీత గీత అని పోరుతూ సున్నం వేసే చేత్తోనే. కానీ నువ్వు ఆ కుర్చీలో ఉంటేనే ఈ గ్రౌండు ఉంటుంది. లెక్క అంతే. నువ్వెళ్లి నీ నోటు ధైర్యంగా రాసుకో.

నీ మూడు


ఇల్లు
ఏప్రిల్ 2

మూడోదానా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. మళ్లీ నేను నీ కేక వినకుండానే ఉరికేశాను. బుద్ధి రాదా నాకు?

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున చేరింది. నేను గీత దాటానని నా చేత్తో రాసిచ్చాను, దాటలేదని నువ్వు ప్రమాణం చేశావు. రెండూ ఒకే ఫైల్లోకి చేరితే నాతోపాటు నీ ఉద్యోగమూ ఊడుతుంది, కేసు కూడా పెడతారు.

పరుగున ఆఫీసుకి వెళ్లాను. నిజంగా పరుగే. మెట్ల మధ్యలో ఆగలేదు. ఇన్‌వర్డు బల్ల మీద ఆరోజు వచ్చిన కవర్ల కట్ట ఉంది, ఇంకా విప్పలేదు. గుమాస్తా టీకి వెళ్లాడు. పైనుంచి నాలుగోది నీది. వెనకాల నీ చేతిరాత.

ఇరవై ఆరేళ్లు, ఒక్క కాగితం దాచలేదు, చింపలేదు, తేదీ మార్చలేదు. నంబరు పడేలోపు నాకున్నది అతను టీ తాగి వచ్చేంత సేపు. తీసుకున్నాను. బ్యాగులో పెట్టుకుని బయటికొచ్చాను. గేటు దగ్గర ప్యూను నమస్కారం పెడితే తిరిగి పెట్టడానికి చెయ్యి లేవలేదు.

విప్పలేదు. ఇందులోనే పెడుతున్నాను, చూసుకో. చేసింది తప్పేనని నాకు తెలుసు. కానీ నీకోసం మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను.

గడువు ఇరవై ఎనిమిది దాటిపోయిందని కంగారు పడకు. అందరికీ ఏప్రిల్ పదిహేను దాకా పొడిగించారు, జాబు నీకూ వస్తుంది. కొత్త కాగితం మీద ఉన్నది రాయి.

సోమవారం నన్ను సస్పెండు చేశారు. విచారణ ముగిసేదాకా అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. రోజూ పదింటికి వెళ్లి హాజరు పుస్తకంలో సంతకం పెట్టి ఇంటికి రావాలి. ఇంట్లో మూడు కిటికీలున్నాయి, మూడింట్లోంచీ ఎదురింటి గోడే. మా ఆయన గిన్నెలు గట్టిగా పెడుతున్నాడు. నా ఫైళ్లు పక్క సీటాయనకి ఇచ్చారు. పెద్దసారు ఆయన్ని కొత్త నోటు రాయమన్నారట. పాపం, వెళ్లి తనూ సుత్తితో కొట్టి చూశాడట. వచ్చి నా నోటు కింద "సరిగానే ఉంది" అని రాసి పైకి పంపేశాడు. కాదనాలంటే ఇక పెద్దసారే తన చేత్తో రాయాలి. కలం తీసి పెట్టి, తీసి పెట్టి, రెండు రోజులుగా చూస్తున్నారట.

నువ్వు నిజం రాస్తే నా ఉద్యోగం పోతుంది. తెలిసే అడుగుతున్నాను. నాకు భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. అయినా ఈసారి నువ్వు కేకేసేదాకా కదలను.

నీ నాలుగు


పోస్టాఫీసు బయట, బెంచీ మీద
ఏప్రిల్ 13

నాలుగూ,

నిన్న మధ్యాహ్నం మీ ఆఫీసు నుంచి మనుషులొచ్చారు. ఎనిమిది, తొమ్మిది జతల చుట్టూ తాడు కట్టి బోర్డు పెట్టారు. వచ్చేవారం ఆ భాగం పడగొడతారట. మిగతాది ముట్టుకోవద్దని కాగితం. కింద మీ పెద్దసారు సంతకం ఉంది, ఇంకేమీ రాయలేదు. సాయంత్రం అరవైమందీ పరిగెత్తారు. పొడుగుజడ పిల్ల వెనకది గీత దాటేదాకా ఆగింది. పళ్లు బిగపట్టుకుని, గీత మీదే కళ్లు పెట్టి, ఆగింది. నేను అటు తిరిగి ఏడ్చాను.

నువ్వు వెనక్కి పంపిన కవరు పొయ్యిలో వేశాను. కొత్త కాగితం తీసుకుని మూడు రోజులు కూర్చున్నాను. మొదటి రెండు ప్రశ్నలూ సులువే. మూడోదాని దగ్గర నీ మొహం కనపడేది, కలం ఆగిపోయేది. ఇరవై ఆరేళ్లు నిన్ను కాపాడుకున్నాననుకున్నాను. ఒసేయ్, కాపాడానా, కట్టిపడేశానా, నాకు తెలియడం లేదు.

పొద్దున రాసేశాను. గీత దాటాక ఒకటిన్నర అడుగు దూరంలో నా చేతిలోంచి ఆమె చేతిలోకి మారింది, నేనూ చూశాను, నేనూ దాచాను. నా పతకం కూడా అందులోనే పెట్టి పంపాను. నకలు నీకు పంపుతున్నాను, వాళ్ల నోట వినేలోపు నీ చేతిలో పడాలని.

నువ్వు ఊరు దాటకూడదు కాబట్టి ఆదివారం పొద్దున బస్సుకి నేనే వస్తాను. స్టాండు దగ్గర నిలబడు. నా బస్సు కనపడగానే ముందుకి ఉరకకు, మోకాళ్లు జాగ్రత్త.

ఇప్పుడు కవరు అంటిస్తున్నాను. చెయ్యి చాపు.

పట్టు!

నీ మూడు